తలుపు తీసి పట్టుకున్నాక

అమెరికా సుప్రీంకోర్టు 1873లో ఇచ్చిన ఒక తీర్పు చదివితే అందులో స్త్రీల మీద పరుషమైన మాట ఒక్కటీ కనబడదు. షికాగోలో న్యాయవాదుల కోసం పత్రిక నడుపుతున్న మైరా బ్రాడ్‌వెల్ న్యాయవాద పరీక్షలో నెగ్గింది. ఆమె స్త్రీ, పైగా వివాహిత కాబట్టి వకీలుగా పనిచేయడానికి వీల్లేదని ఇలినాయ్ రాష్ట్రం అంది. సుప్రీంకోర్టు కూడా ఆ మాటే నిలబెట్టింది. తీర్పుతో ఏకీభవిస్తూ జస్టిస్ బ్రాడ్లీ విడిగా ఒక అభిప్రాయం రాశాడు. పురుషుడు స్త్రీకి రక్షకుడనీ, ఆమెకు సహజమైన సౌకుమార్యం, బిడియం చాలా వృత్తులకు సరిపడవనీ, భార్యగా తల్లిగా ఆమె నెరవేర్చే ధర్మం మహోన్నతమైనదనీ దాని సారాంశం. అంత గౌరవంగా మాట్లాడుతూనే ఆమె కష్టపడి సంపాదించుకున్న వృత్తిని ఆమెకు కాకుండా చేశాడు. సరిగ్గా నూరేళ్ళకు, 1973లో, వైమానిక దళంలో లెఫ్టినెంటుగా ఉన్న షారన్ ఫ్రాంటియెరో అదే కోర్టుకు వెళ్ళింది. మగ ఉద్యోగి భార్యకు అడగ్గానే దొరికే సదుపాయాలు ఆడ ఉద్యోగి భర్తకు దొరకాలంటే అతను సగానికి పైగా ఆమె సంపాదన మీదే ఆధారపడ్డాడని రుజువు చూపాలన్న నిబంధన మీద ఆమె పోరాడి గెలిచింది. ఆ తీర్పులో జస్టిస్ బ్రెనన్ బ్రాడ్లీ మాటలనే ఎత్తిచూపి, ఇలాంటి ఆదరణ స్త్రీని పీఠం మీద కూర్చోబెడుతున్నాననుకుంటూ నిజానికి పంజరంలో పెట్టిందని తేల్చాడు.

పరాయిగడ్డ మీద మన విలువల గురించి రాస్తూ ఈ పాత కేసుల జోలికి ఎందుకు వెళ్ళానంటే, ఇక్కడికి, అమెరికాకు వచ్చిన తెలుగు మగవాడికి రెండు రకాల మర్యాదలు అబ్బుతాయి. ఇంటినుంచి తెచ్చుకున్నది ఒకటి: అమ్మా, అక్కయ్యా, వదినా అని పిలవడం, బస్సులో లేచి చోటివ్వడం, ఆడపడుచుకు పండక్కి చీర పెట్టడం. ఆఫీసులో నేర్చుకున్నది రెండోది: తలుపు తీసి పట్టుకోవడం, లిఫ్టులోంచి ముందు ఆమెను దిగనివ్వడం. ఈ రెండూ ఉన్నవాడిని సంస్కారవంతుడంటాం. స్త్రీపురుషులు సమానమని నమ్మే కాలంలో ఈ ప్రత్యేక మర్యాదకు చోటుందా అని మన పిల్లలే అడుగుతున్నారు. ఉందనే నేనంటాను. అయితే హక్కుకు బదులుగా చేతిలో పెట్టే మర్యాదకు మాత్రం చోటు లేదు. ఏది ఏదో తెలుసుకోవడం కష్టమేమీ కాదు. ఆమె వద్దన్నప్పుడు, మన మాట కాదన్నప్పుడు, మనకు పై అధికారిగా వచ్చినప్పుడు ఆ మర్యాద నిలుస్తుందా లేదా అన్నది చూస్తే చాలు.

ఇది ఊహ మీద చెబుతున్న మాట కాదు. స్త్రీల పట్ల చిన్నచూపు రెండు రూపాల్లో ఉంటుందని పీటర్ గ్లిక్, సూసన్ ఫిస్క్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1996లో ప్రతిపాదించారు. ఒకటి బాహాటమైన ద్వేషం. రెండోది దయలా కనిపిస్తుంది: ఆడవాళ్ళు సున్నితులు, మగవాళ్ళకన్నా పవిత్రులు, వాళ్ళను మనమే కాపాడాలి అనే నమ్మకం అది. మొదటిదానికి రెండోది విరుగుడని మనమంతా అనుకుంటాం. ఆ ఇద్దరూ సహచరులతో కలిసి 19 దేశాల్లో 15,000 మందికి పైగా మనుషుల అభిప్రాయాలు సేకరించి 2000లో ప్రకటించిన ఫలితాలు అందుకు విరుద్ధంగా ఉన్నాయి. ద్వేషం ఎక్కువున్న దేశాల్లోనే ఆ దయ కూడా ఎక్కువ. ఆ దేశాలే ఐక్యరాజ్యసమితి సమానత్వ లెక్కల్లో వెనకబడినవి. 2007లో బెల్జియంలో బెన్వా దార్దెన్ బృందం జరిపిన ప్రయోగాలు ఇంకా దగ్గరగా చూపించాయి. ఉద్యోగానికి పరీక్ష రాయబోయే ఆడవాళ్ళతో, మీరు చేయలేకపోయినా మా మగవాళ్ళు సాయం చేస్తార్లెండి అన్న ధోరణిలో మాట్లాడితే, మొహానే తక్కువ చేసి మాట్లాడినప్పటికన్నా వాళ్ళు పరీక్ష తక్కువగా రాశారు. నిందను నిందగా గుర్తుపట్టి పక్కన పెట్టొచ్చు. దయను అలా పక్కన పెట్టలేక, నాకు నిజంగానే చేతకాదేమో అన్న సందేహంతో మనసు సతమతమవుతుంది.

మన భారతదేశంలో చట్టమే ఇలాంటి దయ చూపింది. 1948 ఫ్యాక్టరీల చట్టం రక్షణ పేరుతో ఆడవాళ్ళను రాత్రిపూట పనిలో పెట్టుకోకూడదంది. మద్రాసు హైకోర్టు, ఆ తర్వాత ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ నిబంధనను కొట్టేశాయి. మద్యం అమ్మి తాగనిచ్చేచోట ఆడవాళ్ళు ఉద్యోగం చేయకూడదన్న పాత పంజాబ్ అబ్కారీ చట్టం నిబంధన 2007లో మన సుప్రీంకోర్టు ముందుకొచ్చింది. కోర్టు బ్రెనన్ మాటలనే గుర్తుచేసుకుని, ఆమె పనిచేసే చోటును భద్రంగా ఉంచడమే ప్రభుత్వం బాధ్యత, ఆమెను పని మానుకోమనడం కాదని చెప్పింది. ఈ తేడా మన ఇళ్ళలో కూడా పట్టుకోవలసిందే. కూతురు రాత్రి కారు నడుపుకుంటూ వస్తుంటే ఫోనులో తోడుండడం మర్యాద. కొడుకు దూరపు యూనివర్సిటీకి వెళ్ళొచ్చు గానీ కూతురు మాత్రం ఇంటినుంచే వెళ్ళిరావాలనడం మర్యాద కాదు, దాన్ని ఎంత ప్రేమగా చెప్పినా సరే.

మన సంప్రదాయంలో స్త్రీకి ఉన్నంత గౌరవం ఎక్కడుందని అడిగేవారున్నారు. స్త్రీలను పూజించేచోట దేవతలు ఆనందిస్తారన్న భావం ఉన్న శ్లోకం మన సభల్లో, సంచికల్లో తరచు కనిపిస్తుంది. అది మనుస్మృతి మూడో అధ్యాయంలోది. తొమ్మిదో అధ్యాయానికి వెళితే బాల్యంలో తండ్రి, యవ్వనంలో భర్త, ముసలితనంలో కొడుకులు ఆమెను కాపాడాలి కాబట్టి ఆమె స్వాతంత్ర్యానికి తగదని అదే గ్రంథం చెబుతుంది. గ్లిక్, ఫిస్క్ కొలిచి చూపిన జంట ఇదే. పూజ, కాపలా ఒకే ఇంట్లో ఉంటాయి. ఆ శ్లోకం చదివే ఇళ్ళలోనే భార్య భర్తను మీరంటుంది, ఏమండీ అంటుంది; భర్త భార్యను నువ్వంటాడు, కోపం వస్తే ఒసేయ్ అంటాడు. పరాయి స్త్రీని అమ్మా అని పిలిచే నోరు అది. వారాంతపు పాట్‌లక్‌లో బల్లమీద ట్రేలు పరిచి రేకులు తీయగానే, ముందు మగవాళ్ళు, పిల్లలు కానిచ్చేయండి అన్న మాట వినపడుతుంది. వండి తెచ్చినవాళ్ళు ఆఖర్న, చల్లారిన గుత్తివంకాయ కూర అడుగు గీరుకుంటారు. ఆఫీసు లిఫ్టు దగ్గర వెనక్కి తగ్గే మనిషికి ఇక్కడ వెనక్కి తగ్గాలని తోచకపోవడం నాకు బాధగా ఉంటుంది. భారతదేశంలో 2024లో జరిపిన సమయ వినియోగ సర్వే ప్రకారం జీతంలేని ఇంటిపని చేసే ఆడవాళ్ళు రోజుకు సగటున 289 నిమిషాలు, మగవాళ్ళు 88 నిమిషాలు దానికి వెచ్చిస్తున్నారు. ఆ తేడాలో కొంతైనా మన సామాన్లతోపాటు విమానమెక్కి వచ్చింది.

ప్రమాదం ముంచుకొచ్చినప్పుడు పాతకాలపు మగవాడి మర్యాదే కదా ఆడవాళ్ళను కాపాడింది, దాన్ని ఎలా వదులుకుంటామని మరో అభ్యంతరం. దీనికి సాక్ష్యంగా అందరూ టైటానిక్ పేరు చెబుతారు. 1912లో ఆ ఓడ మునిగినప్పుడు ఆడవాళ్ళలో ఇంచుమించు మూడొంతులు, అంటే నూటికి డెబ్భై నలుగురు బతికారు. మగవాళ్ళలో నూటికి ఇరవై మంది. అది నిజం, ఆ త్యాగం గొప్పదే. కానీ మొదటి తరగతి ఆడవాళ్ళలో దాదాపు అందరూ బయటపడితే మూడో తరగతిలో సుమారు సగం మందే బయటపడ్డారు. మైకేల్ ఎలిండర్, ఆస్కార్ ఎరిక్సన్ అనే స్వీడన్ ఆర్థికవేత్తలు 18 ఓడప్రమాదాలను పరిశీలించి 2012లో వెల్లడించినదాని ప్రకారం, మొత్తం మీద ఆడవాళ్ళు బతికి బయటపడే అవకాశం మగవాళ్ళకన్నా తక్కువ. అందరికన్నా ఎక్కువగా బతికింది ఓడ సిబ్బంది. ఆడవాళ్ళను ముందు దించమని కెప్టెన్ ఆజ్ఞ ఇచ్చినచోట మాత్రం వాళ్ళకు మేలు జరిగింది. అంటే కాపాడింది మగవాడి పుట్టుసంస్కారం కాదు, పైవాడు గట్టిగా అమలుచేసిన నియమం. ఆర్టీసీ బస్సులో స్త్రీలకని రాసిన సీట్లు ఇందుకే కావాలి. సమానత్వమంటూనే ప్రత్యేక సీట్లెందుకని అడిగేవారికి ఇదే జవాబు. కిక్కిరిసిన బస్సులో ఆడవాళ్ళు పడే బాధకు అది నియమం ఇచ్చిన రక్షణ, ఎవరి దయా కాదు. దాన్ని ప్రయాణికుల మర్యాదకు వదిలేస్తే, ఇస్త్రీ చీరలో ఎక్కినావిడకు లేచినట్టు తలమీద కూరగాయల గంపతో ఎక్కినావిడకు ఎంతమంది లేస్తారు?

ఆడవాళ్ళకే ఇలాంటి మర్యాద ఇష్టమైతే మధ్యలో మీకేమిటని అనేవారి మాట కొట్టిపారేయలేం. పెలిన్ గుల్, టామ్ కప్ఫర్ 2018లో ప్రచురించిన పరిశోధనలో ఇది కనిపించింది. ఇలాంటి మగవాడు తమను తక్కువగా చూస్తాడనీ, తమ నిర్ణయాల్లో వేలుపెడతాడనీ ఆడవాళ్ళకు తెలుసు. తెలిసీ అతన్నే ఎక్కువ ఇష్టపడ్డారు, సమానత్వాన్ని గట్టిగా నమ్మేవాళ్ళతో సహా. కష్టంలో వదిలేయడు, ఇంటిని పట్టించుకుంటాడన్న భరోసా అతనిలో కనిపించడమే కారణం. కాబట్టి వాళ్ళు కోరుకున్నది ఆ భరోసాను. పెత్తనం దానికి అంటుకుని వచ్చింది. రెంటినీ విడదీయడం మగవాడి చేతిలో పని. బరువు మోస్తున్నది మగవాడైనా తలుపు పట్టుకోవచ్చు. అలసిన మగవాడికీ సీటివ్వచ్చు. దీనివల్ల లోకం మొరటుగా మారదు, మర్యాద మరికొందరికి అందుతుంది.

మన మర్యాదకు అసలు పరీక్ష డబ్బు, సంతకం దగ్గర ఎదురవుతుంది. హెచ్-1బి వీసా మీద వచ్చిన భర్త వెంట హెచ్-4 వీసా మీద వచ్చిన భార్యకు 2015 మే వరకు ఇక్కడ ఉద్యోగం చేసే హక్కే లేదు. ఆ తర్వాత కూడా, ప్రధానంగా భర్త గ్రీన్‌కార్డు దరఖాస్తు ఒక దశ దాటినవాళ్ళకే వచ్చింది. అలా అనుమతి పొందినవాళ్ళలో అత్యధికులు భారతీయ స్త్రీలే. అన్నాళ్ళూ ఆమెను రాణిలా చూసుకున్నానని చెప్పే భర్త, బ్యాంకు ఖాతాలో ఆమె పేరు చేర్చాడా, ఆమెకు డ్రైవింగ్ నేర్పించాడా అన్నది అడగవలసిన ప్రశ్న. మన సంఘాల వేదికల మీద కూడా ఇంతే. జ్యోతి వెలిగించడానికి ఆడవాళ్ళను సగౌరవంగా పిలుస్తాం. అలంకరణ, భోజనాలు, పిల్లల నాట్యాలు వాళ్ళకప్పగిస్తాం. చాలాచోట్ల పద్దులు, నియమావళి, మైకు మాత్రం మగవాళ్ళ దగ్గరే ఉంటాయి.

అన్నిటికన్నా నన్ను కలవరపెట్టేది ఆస్తి విషయం. ఎన్.టి. రామారావు ప్రభుత్వం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1986లో చేసిన చట్టం, 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించేలా, అప్పటికి పెళ్ళికాని కూతుళ్ళకు ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కొడుకులతో సమాన వాటా ఇచ్చింది. 2005లో కేంద్రం దేశమంతటా హిందూ కుటుంబాల్లోని కూతుళ్ళందరికీ ఇచ్చింది. ఆ సవరణ నాటికి తండ్రి బతికి ఉండనక్కరలేదని 2020లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అయినా అమెరికాలో ఉన్న చెల్లెలికి ఫోను వస్తుంది: నీకేం లోటమ్మా, హక్కు విడుదల దస్తావేజు పంపిస్తాం, సంతకం పెట్టి పంపు. పెడితే ఆమె బంగారు తల్లి, పండక్కి పట్టుచీర, పసుపు కుంకుమ, పుట్టింట్లో ఎదురుకోలు. పెట్టకపోతే అన్నదమ్ముల మీద కోర్టుకెక్కే మనిషని పేరు, ఆపైన పెళ్ళిళ్ళకు పిలుపులు ఆగిపోతాయి. పుట్టిల్లు దూరమవుతుందన్న భయంతో వాటా వదులుకున్న ఆడపడుచులు ప్రతి తెలుగు ఊరిలోనూ ఉన్నారు. చెల్లెలిని నిజంగా గౌరవించే అన్న ఆ ఫోను వేరేగా చేస్తాడు. పొలం సర్వే నంబరు, ఎకరం ఇవాళ ఎంత పలుకుతోందో, ఆమె వాటా ఎంతో ముందు కాగితం మీద రాసి పంపుతాడు. తనకు నచ్చిన వకీలుకు చూపించుకోమంటాడు. ఆమె సంతకం పెట్టను అంటే, ఆ సంక్రాంతికి కూడా ఎప్పటిలాగే చీర కొని, భార్యతో కలిసి పుట్టింటికి పిలుస్తాడు.