మాట వినడం

తెలుగులో “వినడం” అన్న మాట రెండు పనులు చేస్తుంది. పాట వింటాం, వార్తలు వింటాం. అది చెవి పని. “వాడు మాట వినడు” అంటే మాత్రం వాడికి చెవుడని కాదు, చెప్పినట్టు చెయ్యడని. మన బడుల్లో చెల్లేది ఈ రెండో అర్థమే. వినాల్సింది ఎప్పుడూ పిల్లలే.

ఆటిజం ఉన్న పిల్లలకి పాఠం చెప్పాలంటే టీచరుకి ఏమేం చేతనవ్వాలి అన్న ప్రశ్న నన్ను కొన్నాళ్ళుగా వదలడం లేదు. నేను టీచర్ని కాను, సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. మా అక్క కొడుక్కి ఆటిజం ఉంది. వాడికోసం బడి వెతుకుతూ మేనమామగా నేనూ తిరిగాను. వెళ్ళిన చోటల్లా ఒకటే మాట: “ఇలాంటి పిల్లలకి చాలా ఓపిక కావాలండీ.”

మంచి మనసుతో అన్నదే. కానీ మనం ఓపిక పట్టేది ఎప్పుడు? బస్సు రానప్పుడు, కరెంటు పోయినప్పుడు. అంటే, మార్చలేని ఇబ్బందిని భరించేటప్పుడు. పిల్లాడి గురించి మొదటి మాటే ఓపిక అయితే, వాడొక ఇబ్బంది అని ముందే తీర్మానించుకున్నట్టు. పైగా ఓపిక ఏదో ఒక రోజు నశిస్తుంది. ఆ రోజు నేరం పిల్లాడి మీదకే పోతుంది.

ఓపిక కన్నా ముందు కావలసింది తెలిసి ఉండటం. ఒక ఉదాహరణ చూడండి. దాహమేసిన పిల్లాడు “నీళ్ళు కావాలి” అనకుండా “నీళ్ళు కావాలా?” అంటాడు. మనం రోజూ వాణ్ణి అడిగే ప్రశ్ననే మనకి అప్పజెప్తున్నాడు. 1943లో లియో కానర్ రాసిన ప్రసిద్ధ వ్యాసంలోనే ఈ అలవాటు నమోదై ఉంది. చాలాకాలం దీన్ని అర్థంలేని చిలకపలుకులనే అనుకున్నారు. 1981లో బారీ ప్రిజాంట్, జుడిత్ డుకాన్ ఆ పలుకుల్లో చాలావాటికి పని ఉందని చూపించారు. అడగడానికి, ఔననడానికి, సంభాషణలో తన వంతు తీసుకోవడానికి పిల్లలు వాటిని వాడుకుంటారు. ఇది తెలిసిన టీచరు నీళ్ళ సీసా అందిస్తుంది. తెలియనావిడ “నన్నే వెక్కిరిస్తున్నావా?” అంటుంది. ఇద్దరికీ ఓపిక సమానంగానే ఉండొచ్చు.

మన బడి తిట్లలో సగం వెటకారమే కదా. “రండి సార్, తమరికోసమే ఆగాం.” “చెవులు ఇంట్లో పెట్టొచ్చావా?” మాటని మాటగానే తీసుకునే పిల్లాడు నిజంగా చెవులు తడుముకుంటాడు. క్లాసంతా నవ్వుతుంది, ఎందుకో వాడికి తెలీదు. “అల్లరి చెయ్యకు” అంటే ఏం మానాలో తెలీదు. “చేతులు బల్ల మీద పెట్టుకో” అంటే తెలుస్తుంది. సూటిగా మాట్లాడటం, ప్రశ్న అడిగాక జవాబుకి కాస్త టైమివ్వడం, రోజులో ఏది తర్వాత ఏదో బొమ్మల వరసగా గోడకి అంటించడం, ఆటల పీరియడ్ రద్దయితే ముందే చెప్పడం, ప్రార్థన మైకు దగ్గర నిలబెట్టకపోవడం. ఇవన్నీ ఎవరైనా నేర్చుకోగలిగిన పనులే.

వీటన్నిటి వెనకా ఉన్నది ఒక్కటే, పిల్లాడు చేసేదాన్ని కబురుగా తీసుకోవడం. మా పనిలో ఎర్రర్ మెసేజ్ వస్తే ప్రోగ్రాంకి పొగరెక్కిందని ఎవరం అనుకోం, ఎక్కడ ఏం తగిలిందో వెతుకుతాం. చెవులు మూసుకుని అరిచే పిల్లాడు ప్రోగ్రాం కాదు, వాడికి నొప్పి ఉంటుంది. మరి వాడి దగ్గర ఇంకెంత వెతకాలి!

అయితే నైపుణ్యం ఉంటే సరిపోతుందా? కాలిఫోర్నియాలో ఇవార్ లోవాస్ ఈ విద్యలో చెయ్యి తిరిగినవాడు. 1960ల్లో పిల్లల్ని దారికి తేవడానికి చెంపదెబ్బలు, కరెంటు షాకులు కూడా వాడాడు. 1965లో లైఫ్ పత్రిక ఆ దెబ్బల్ని ఫొటోలతో సహా వేసింది. 1987లో ఆయన అచ్చువేసిన పరిశోధన ప్రకారం, వారానికి 40 గంటల శిక్షణ పొందిన 19 మందిలో 9 మంది మామూలు పిల్లల్లా ఒకటో తరగతి దాటారు. మాటలు రాని పిల్లలకి మాటలు నేర్పడం చిన్న సంగతి కాదు. కానీ ఆ శిక్షణకి గమ్యమేమిటి? తోటివాళ్ళలో వేరుగా కనబడకుండా ఉండటం. షాకుల్ని ఇప్పుడు సమర్థించేవాళ్ళు చాలా తక్కువ. ఆ గమ్యం మాత్రం చాలా క్లాసుల్లో అలాగే ఉంది. “కళ్ళలోకి చూసి మాట్లాడు” అంటారు. ఒకటి రెండు తరాల కిందట మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళ కళ్ళలోకి చూసి మాట్లాడితే పొగరనేవారు, ఇప్పుడు చూడకపోతే లోపమంటున్నాం. రెండు కాలాల్లోనూ చూపు ఎలా ఉంటే పెద్దలకి హాయో అదే మర్యాద. చూడకుండానే బాగా వినగలిగే పిల్లాణ్ణి చూస్తూ వినమంటే, వాడి బలమంతా చూడటానికే ఖర్చయిపోతుంది.

మాట వినడం మరీ బాగా నేర్పేస్తే ఇంకో ప్రమాదం ఉంది. పెద్దవాళ్ళు ఏం చెప్పినా చెయ్యాలని గంటలకొద్దీ సాధన చేసిన పిల్లాడు, చెడ్డ పెద్దమనిషి చెప్పినా చేస్తాడు. వద్దనడం కూడా నేర్పాల్సిన చదువే. అది నేర్పాలంటే టీచరు ముందుగా తనకి ఎదురయ్యే “వద్దు”ని భరించగలగాలి. ఓపిక నిజంగా కావలసింది అక్కడ.

“నలభై మందిని పెట్టుకుని ఒక్కడి కబుర్లు ఎక్కడ వినను?” అని టీచరు అడిగితే అది న్యాయమైన ప్రశ్నే. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఉంది, టీచర్లకి శిక్షణ ఇవ్వాలని కూడా అదే చట్టం చెప్తుంది. మేధో వైకల్యాల మీద పనిచేసే జాతీయ సంస్థ 1984 నుంచి సికింద్రాబాదులోనే ఉంది. అయినా మామూలు బడిలో ఒంటరి టీచరుకి పక్కన ఇంకో మనిషి లేకపోతే, నైపుణ్యం లేదని ఆవిణ్ణి నిందించడం అన్యాయం. రోడ్డు మీదకి పరిగెత్తే పిల్లాణ్ణి, పక్కవాణ్ణి కొట్టే పిల్లాణ్ణి ఆపాల్సిందే, అక్కడ చర్చ లేదు. కానీ ఏ నియమం పిల్లల భద్రత కోసం, ఏది మన సౌకర్యం కోసం అని వేరు చేసుకోవడానికి మాత్రం అదనపు మనిషి అక్కర్లేదు.

తానూ ఆటిస్టిక్ అయిన సామాజిక శాస్త్రవేత్త డేమియన్ మిల్టన్ 2012లో ఒక మాట అన్నాడు: వాళ్ళకి మనం అర్థం కాకపోవడం ఎంతో, మనకి వాళ్ళు అర్థం కాకపోవడం అంతే. లోపం ఒక మనిషిలో కాదు, ఇద్దరి మధ్యనా ఉంది. అలాంటప్పుడు నడక మొత్తం ఆరేళ్ళవాడి వంతు, తీర్పు మాత్రం పెద్దవాళ్ళ వంతు అవడం ఏం న్యాయం?

బడిలో చేర్పించేటప్పుడు “మీకు ఓపిక ఉందా?” అని అడగడం మానేశాం. ఇప్పుడు అక్కా నేనూ అడిగేది ఒకటే: “వీడు వద్దంటే మీకెలా తెలుస్తుందండీ?” కొందరు తడబడతారు. ఒకావిడ మాత్రం కాసేపు ఆలోచించి, “ఇంట్లో ఎలా చెప్తాడు?” అని తిరిగి అడిగింది. వాడు ఇప్పుడు ఆవిడ క్లాసులోనే ఉన్నాడు.