ఏడు తరాల పేర్లు ఎందుకు గుర్తుండాలి?

మన వెల్గటూర్ మండలంలో, పెద్దవాగు గోదావరిలో కలిసే చోట కోటిలింగాల ఉన్నది. ఆ మట్టిలో దొరికిన నాణేల మీద శాతవాహన రాజు సిముకుని పేరు ఉన్నది. అతనికంటే ముందు ఇక్కడ ఏలిన గోభద, నారన, సమగోప వంటి వాళ్ల పేర్లూ ఉన్నాయి. రెండు వేల ఏళ్లు గడిచినా ఆ పేర్లను మనం చదువుకోగలుగుతున్నాం. రాజులు నాణేలు కొట్టించారు కాబట్టి వాళ్ల పేర్లు మిగిలాయి. మరి ఎడ్ల మీద ఉప్పు, ధాన్యం వేసుకొని దక్కను అంతా తిరిగిన లంబాడాల పేర్లు ఏ మట్టిలో దొరుకుతాయి? అడవిలో గూడెం కట్టుకొని బతికిన నాయకపోళ్ల పేర్లు, గోండుల పేర్లు ఎక్కడ వెతకాలి? అవి నోటిలో ఉన్నాయి, పాటలో ఉన్నాయి. నోరు మూతపడితే అవి కూడా పోతాయి.

అందుకే మన యువతను, వాళ్లకు చదువు చెప్పే టీచర్లను ఒక ప్రశ్న అడగాలనిపిస్తున్నది. ఒక మనిషి తన వాళ్లను గుర్తు పెట్టుకోవడం ఇష్టాయిష్టాల సంగతా, లేక అతని మీద ఉన్న బాధ్యతా? బాధ్యత అయితే దాన్ని మరిచిన తప్పు ఎవరిది?

ఈ ప్రశ్నను మనకంటే ముందు, మనకంటే గట్టిగా వేసుకున్న ఒక జనం ఉన్నారు. వాళ్లు మధ్య ఆసియా కొండల్లో ఉండే కిర్గిజ్‌లు. మన తెలుగు పిల్లలు ఎంబీబీఎస్ చదవడానికి వెళ్లే బిష్కెక్ నగరం వాళ్ల రాజధాని. కిర్గిజ్‌స్తాన్ జనాభా సుమారు 70 లక్షలు. గుర్రాలు, గొర్రెల మందలతో వేసవిలో కొండ మీదికి, చలికాలంలో లోయలోకి తిరుగుతూ బతికిన జనం. మన బంజారాల లాగే వాళ్లకూ ఇల్లు అంటే విప్పి మళ్లీ కట్టుకునే గుడారమే. ఆ గుడారం నడినెత్తిన గుండ్రటి చెక్క చట్రం ఉంటది, పొగ అందులో నుంచే బయటికి పోతది. ఆ చట్రాన్నే 1992లో వాళ్లు తమ జెండా మధ్యలో సూర్యుని లోపల పెట్టుకున్నారు. చుట్టూ ఉన్న 40 కిరణాలు 40 తెగలకు గుర్తు. ఆ తెగలను ఒక్కటి చేసిన వీరుడు మానస్ అని వాళ్ల నమ్మకం. అతని కథను తరతరాలుగా నోటితోనే పాడారు. సయాక్‌బాయ్ కరాలాయెవ్ అనే గాయకుని నోటి నుంచి రాసుకున్న కథ ఒక్కటే దాదాపు 5 లక్షల పాదాలు. మన మహాభారతం కంటే పెద్దది.

కిర్గిజ్ ఇండ్లలో ఒక పద్ధతి ఉన్నది. ప్రతి పిల్లవాడూ తన తండ్రి, తాత, ముత్తాత అట్లా ఏడు తరాల పేర్లు చెప్పగలగాలి. తెలియనివాణ్ణి దిక్కులేనివాడని చిన్నచూపు చూస్తారు. పెండ్లి సంబంధాలకూ అదే లెక్క. మన తండాల్లో భూక్యా, పమార్, చౌహాన్, వడత్యా గోత్రాలు చూసుకొని, ఒకే గోత్రంలో పెండ్లి వద్దనుకోవడం ఇటువంటిదే. లంబాడాల వంశాలను పాడే ఢాడీలు, గోండుల కథలను కిక్రి వాయిస్తూ పాడే పర్‌ధాన్‌లు మన దగ్గరి మానస్ గాయకులు. ప్రతి పుష్య అమావాస్యకు ముందు మెస్రం వంశం వాళ్లు కేస్లాపూర్ నాగోబా పూజకు గోదావరి నీళ్ల కోసం కాలినడకన జన్నారం దగ్గరి హస్తినమడుగుకు వస్తారు. ఆ నీళ్లే కిందికి పారి మన మండలం మీదుగా పోతాయి. ఏ తరం వాళ్లు ఎందుకు నడిచారో నడిచేవాళ్లకు తెలుసు కాబట్టే ఆ నడక ఆగలేదు.

ఇక మరిచిపోవడం గురించి. కిర్గిజ్ రచయిత చింగీజ్ ఐత్మాతోవ్ మన పాత తరం పాఠకులకు తెలిసినవాడే. ఆయన పుస్తకాలు మాస్కో నుంచి తెలుగులో వచ్చాయి. ఆయన 1980లో రాసిన నవలలో ఒక పాత గాథ ఉన్నది. శత్రువులు బందీ తల గొరిగి, పచ్చి ఒంటె తోలు బిగించి, ఎండలో వదిలేస్తారు. తోలు ఎండి బిగుసుకుంటుంటే చాలామంది చచ్చిపోతారు. బతికినవానికి తన పేరు, తల్లి, ఊరు ఏదీ గుర్తుండదు. అట్లాంటివాణ్ణి మన్‌కుర్త్ అంటారు. యజమాని చెప్పిన పని తప్ప వేరే ఆలోచన ఉండని మంచి బానిస. కొడుకును వెతుక్కుంటూ వచ్చిన తల్లి నీ పేరేంది, నీ తండ్రి ఎవరు అని అడిగితే, యజమాని మాట విని ఆ కొడుకే ఆమెను బాణంతో కొట్టి చంపుతాడు.

ఈ కథను మన పెద్దలు వింటే చాలామంది వెంటనే నేటి పిల్లల వైపు వేలు చూపుతారు. గోర్ మాట రాదు, ఫేట్యా, కాంచళి అంటే సిగ్గు, ఫోన్ తప్ప పాట తెలియదు అంటారు. కానీ కథను సరిగా వినాలి. మన్‌కుర్త్ తనంతట తాను మరిచిపోలేదు. అతని తల మీద తోలు కప్పినవాళ్లు వేరే ఉన్నారు. మన పిల్లల తల మీద తోలు ఎవరు కప్పారో ముందు అడగాలి.

తరగతిలో తండా యాసను వెక్కిరించిన నవ్వు ఒక తోలు. ఆ నవ్వు తన బిడ్డకు వద్దని ఇంట్లో తెలుగే మాట్లాడిన తల్లి భయం ఒకటి. బ్రిటిష్‌వాళ్ల 1871 నాటి చట్టం తిరిగే జాతులను పుట్టుకతోనే నేరస్తులని రాసింది. అనేక చోట్ల లంబాడాలను కూడా ఆ జాబితాలో చేర్చారు. అది రద్దయింది 1952 ఆగస్టు 31న. విచిత్రంగా కిర్గిజ్‌స్తాన్ స్వాతంత్ర్య దినం కూడా ఆగస్టు 31వ తేదీనే, 1991లో. 2011 జనగణనలో లంబాడీ తన మాతృభాష అని చెప్పినవాళ్లు 32 లక్షలకు పైగా ఉంటే, వాళ్లందరినీ హిందీ కింద కలిపి లెక్కించారు. దాదాపు 30 లక్షల మంది మాట్లాడే గోండికి రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లో ఇప్పటికీ చోటు లేదు. కిర్గిజ్ భాషకు కూడా పై నుంచి వచ్చిన ఆజ్ఞలతో లిపి మారింది. మొదట అరబ్బీ అక్షరాలు, 1920ల చివర లాటిన్, 1940 నాటికి రష్యన్ అక్షరాలు. తాత రాసిన ఉత్తరం మనవడు చదవలేని రోజు వచ్చింది. ఆ మనవణ్ణి తప్పు పట్టగలమా?

కాబట్టి మరిచిపోయిన పిల్లది తప్పు అనడం న్యాయం కాదు. అయితే దాంతో పిల్లల బాధ్యత తీరిపోదు. తోలు కప్పింది వేరేవాళ్లయినా, అది తల మీద ఉన్నదని తెలిసిన తర్వాత తీసుకోవడం మన పనే. కిర్గిజ్‌ల చరిత్రలోనే దీనికి ఒక ఉదాహరణ ఉన్నది. ఐత్మాతోవ్ తండ్రిని 1938లో స్తాలిన్ పాలనలో కాల్చి చంపారు. వందమందికి పైగా శవాలను బిష్కెక్ దగ్గర కొండల్లో ఒక ఇటుక బట్టీలో పూడ్చారు. అక్కడి కావలివాడు ఆ రహస్యాన్ని తన కూతురికి మాత్రమే చెప్పి పోయాడు. ఆమె దాన్ని మనసులో దాచుకొని, చెప్పగల కాలం వచ్చాక చెప్పింది. 1991లో తవ్వి తీశారు. మరిచిపోయినవాని కథ రాసిన రచయితకు, ఆ కథ రాసేటప్పుడు తన తండ్రి ఎక్కడ ఉన్నాడో తెలియదు. ఆయన తండ్రిని తిరిగి ఇచ్చింది ఏ ప్రభుత్వమో కాదు, తండ్రి మాట మరవని ఒక మామూలు కూతురు. చనిపోయినవాళ్లు ఆమె చుట్టాలు కారు. అయినా గుర్తు పెట్టుకున్నది.

ఇక్కడ రెండో ప్రశ్న వస్తది. గుర్తింపు దేనిలో ఉన్నది? నెత్తురులోనా, భాషలోనా, సర్టిఫికెట్‌లోనా? ఒకే గోర్ జనం తెలంగాణలో షెడ్యూల్డ్ తెగ, కర్ణాటకలో షెడ్యూల్డ్ కులం, మహారాష్ట్రలో విముక్త జాతి. అన్నదమ్ములు హద్దు రాయికి అటూ ఇటూ ఉంటే వాళ్ల పేరు మారిపోతది. తెలంగాణ లంబాడాలు 1976 సవరణ చట్టంతోనే తెగల జాబితాలోకి వచ్చారు. అంతకు ముందు రోజు వాళ్లు వేరే మనుషులా? నాయకపోళ్లు ఇంట్లో తెలుగే మాట్లాడుతారు. అయినా లక్ష్మీదేవర ముఖాన్ని ఎత్తుకొని ఆడేటప్పుడు వాళ్లను వేరే ఎవరూ అనుకోరు. సర్టిఫికెట్ అవసరమే. సీటు, ఉద్యోగం, భూమి హక్కు దానితోనే వస్తాయి, దాన్ని తేలిగ్గా చూడకూడదు. కానీ తహసీల్దారు సంతకం మన హక్కును చెప్తది, మనం ఎవరమో చెప్పదు. మన వెనుకటివాళ్ల పట్ల ఏ బాకీ ఒప్పుకుంటామో, దాన్ని ఎట్లా తీరుస్తామో, అందులో మన గుర్తింపు ఉన్నదని నేను అనుకుంటాను.

బాకీ అన్నాం కాబట్టి అన్నింటినీ మోయాలని కాదు. కిర్గిజ్‌లలో పిల్లను ఎత్తుకుపోయి పెండ్లి చేసుకోవడాన్ని ఆచారం అనేవాళ్లు నేటికీ ఉన్నారు. చట్టం దాన్ని నేరమంటున్నది, అక్కడి ఆడవాళ్లు రోడ్డు మీదికి వచ్చి ప్రశ్నిస్తున్నారు. మన దగ్గర తండాల్లో ఒకప్పుడు పిల్లవాని వైపు వాళ్లే పిల్ల ఇంటికి సొమ్ము ఇచ్చేవాళ్లు. ఇప్పుడు మైదానం వాళ్లను చూసి కట్నం నేర్చుకున్నాం. మంచిది మరిచి చెడ్డది నేర్చుకోవడం కూడా ఒక మతిమరుపే. ఏడు తరాలు అంటే కిర్గిజ్‌లు ఏడుగురు తండ్రులనే లెక్కిస్తారు. తల్లుల పేర్లు అందులో లేవు. పెండ్లినాడు పిల్ల ఏడుస్తూ పాడే ఢావ్లోలో, తీజ్ నాడు గోధుమ మొలకల చుట్టూ పాడే పాటలో తండా చరిత్ర దాచింది ఆడవాళ్లు. వాళ్ల పేర్లు లేని వంశావళి సగం వంశావళి.

అన్నిటికంటే కష్టమైన మాట చివరికి చెప్తాను. జ్ఞాపకం మందు కావచ్చు, విషమూ కావచ్చు. 1916లో రష్యా చక్రవర్తి బలవంతపు పనికి మనుషులను పట్టుకుపొమ్మన్నప్పుడు కిర్గిజ్‌లు తిరగబడ్డారు. సైన్యం తరిమితే మంచు కొండలు దాటి చైనా వైపు పారిపోతూ వేలాది మంది చనిపోయారు. అంత దెబ్బ తిన్న జనం ఉన్న దేశంలోనే 2010 జూన్‌లో ఓష్ నగరం చుట్టూ కిర్గిజ్‌లకు, ఉజ్బెక్‌లకు మధ్య గొడవలై 400 మందికి పైగా చనిపోయారు. వాళ్లలో ఎక్కువ మంది ఉజ్బెక్‌లు. 2024 మే నెలలో బిష్కెక్‌లో గుంపులు విదేశీ విద్యార్థుల హాస్టళ్ల మీద పడినప్పుడు మన తెలుగు పిల్లలు తలుపులు వేసుకొని ఇంటికి ఫోన్లు చేశారు. తన గాయం మాత్రమే గుర్తున్నవానికి ఎదుటివాని గాయం కనబడదు.

ఇది దూరదేశం సంగతి అనుకోవద్దు. 2017 చివర్లో ఉమ్మడి ఆదిలాబాద్‌లో ఆదివాసీలకు, లంబాడాలకు మధ్య ఏం జరిగిందో మనకు తెలుసు. జాబితాలో ఎవరు ఉండాలి, ఫలాలు ఎవరికి ఎంత అందాయి అనే ప్రశ్న అడిగే హక్కు అందరికీ ఉన్నది. దానికి జవాబు చట్టసభలో, కోర్టులో, లెక్కల ముందు కూర్చొని తేలాలి. కానీ కుమ్రం భీం జోడేఘాట్‌లో 1940లో ఎందుకు ప్రాణమిచ్చాడో లంబాడా పిల్లవానికి తెలియకపోవడం, విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించిన ధర్మాపురం తండా జాటోత్ ఠాను నాయక్ ఎవరో గోండు పిల్లవానికి తెలియకపోవడం ఏ కోర్టూ సరిచేయలేని నష్టం. ఇద్దరూ భూమి కోసమే పోరాడారు. పక్కవాని తాత పేరు కూడా తెలిసినప్పుడే మన తాత పేరుకు విలువ.

టీచర్లకు ఒక విన్నపం. ఈ సెలవుల్లో పిల్లలకు ప్రాజెక్టు పని ఇచ్చేటప్పుడు, ఇంటి పెద్దలను అడిగి ఏడు తరాల పేర్లు రాసుకురమ్మనండి. ఏడు దొరకకపోతే నాలుగే రాయనివ్వండి. తండ్రుల పక్కన తల్లుల పేర్లు, వాళ్లు ఏ ఊరి నుంచి వచ్చారో, ఏం పని చేశారో రాయమనండి. గోర్, గోండి మాటలను తెలుగు అక్షరాల్లో రాసినా సరే, తప్పులు దిద్దవద్దు. ఆ తర్వాత ఒక్కొక్కరితో తన కాగితం కాదు, పక్కన కూర్చున్న పిల్లవాని కాగితం పైకి చదివించండి. లంబాడా బిడ్డ నోట నాయకపోడు ముత్తవ్వ పేరు, నాయకపోడు బిడ్డ నోట లంబాడా ముత్తాత పేరు వినబడనీయండి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈ పని టీచర్ చెప్పేదాకా ఆగవలసిన పని కాదు. మీ ఇంట్లో ముసలవ్వ ఉంటే ఈ రాత్రే అడగండి. ఆమెకు తెలిసిన పేర్లు నాణేల మీద లేవు, ఏ పుస్తకంలోనూ లేవు.