ఆవూ, చెప్పులూ

ఆవును చంపి చెప్పులు దానం చేసినట్టు అని మన పెద్దవాళ్లు ఒక్క మాటలో తేల్చేశారు. నాకు మాత్రం ఆ సామెత అక్కడితో తేలదు. కాళ్లు కాలుతున్నవాడి సంగతేమిటి? వాడు ఆ చెప్పులు తొడుక్కోవాలా, వద్దా?

అమెరికాలోని రాక్‌ఫెల్లర్ కుటుంబాన్ని తలుచుకుంటే నాకిదే సందేహం. పెద్దాయన జాన్ డి. రాక్‌ఫెల్లర్‌ను కోటీశ్వరుణ్ణి చేసింది కిరసనాయిలు, ఒకప్పుడు మా వైపు గ్యాసునూనె అన్నామే, అదే. రైలు కంపెనీలతో రహస్యంగా చౌక కిరాయిలు మాట్లాడుకుని పోటీవాళ్లను దెబ్బతీశాడు. ఆ లెక్కలన్నీ తవ్వితీసి 1904లో పుస్తకం వేసింది ఐడా టార్బెల్ అనే ఆవిడ. 1911లో సుప్రీంకోర్టు ఆయన స్టాండర్డ్ ఆయిల్ కంపెనీని ముక్కలు చేయించింది.

1913లో రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ పుట్టింది. మరుసటి ఏడే కొలరాడోలోని లడ్లోలో, ఆ కుటుంబం పెత్తనం కిందున్న బొగ్గు కంపెనీలో సమ్మె జరిగితే కార్మికుల గుడారాలు తగలబెట్టారు. గోతిలో దాక్కున్న ఇద్దరు ఆడవాళ్లు, 11 మంది పిల్లలు చనిపోయారు.

అలాగని వాళ్ల దానాలు ఉత్తివా? కావే! 1972లో మన పటాన్‌చెరులో వెలసిన ఇక్రిశాట్ వెనుక ఆ ఫౌండేషన్ తోడ్పాటూ ఉంది. జొన్న, కంది, శనగ వేసే మెట్టరైతు కోసం పనిచేసే సంస్థ అది. ఆ ఇంటివాడే నెల్సన్ 1974లో అమెరికా ఉపాధ్యక్షుడయ్యాడు.

మరి ఈ మంచితో ఆ చెడ్డ చెల్లయిపోతుందా? పక్కింటావిడ దగ్గర చేబదులు తీసుకుని, ఎదురింటావిడకు చీర పెడితే బాకీ తీరుతుందా, మీరే చెప్పండి. ఎదురింటావిడ చీర తిప్పికొట్టనక్కర్లేదు. హాయిగా కట్టుకోవచ్చు. కానీ బాకీ తీరిందని సాక్ష్యం మాత్రం చెప్పకూడదు.

అంతదూరం ఎందుకు? మా ఇందల్వాయికి దగ్గర్లోనే సిర్నాపల్లి గడి ఉంది. రాణి జానకీబాయి చెరువులు తవ్వించిందని ఇక్కడ ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటారు. చెప్పుకోవలసిందే. ఆ ఖజానా నిండింది రైతులు కట్టిన శిస్తుతోనని కూడా చెప్పుకోవాలి. ఒక నిజం ఇంకో నిజాన్ని కొట్టెయ్యదు.

రాక్‌ఫెల్లర్ల కథలో నాకు నచ్చింది వాళ్ల దానాలకంటే తర్వాతి తరాల పని. చమురు, బొగ్గు పెట్టుబడుల నుంచి తప్పుకుంటామని ఆ కుటుంబపు నిధుల్లో ఒకటి 2014లో ప్రకటించింది. 2016లో మరొకటి ఎక్సాన్ వాటాలనే వదులుకుంది. స్టాండర్డ్ ఆయిల్ ముక్కల్లోంచి ఎదిగిన కంపెనీయే ఎక్సాన్! ఆలస్యమే, కాదనను. అయినా పెద్దల ఆస్తితోపాటు పెద్దల బాకీ కూడా మనదే అనుకోవడానికి ధైర్యం కావాలి.

చెప్పులు తొడుక్కుందాం. ఆవు సంగతి మాత్రం అడుగుతూనే ఉందాం.