స్థిరమంటే ఎంతసేపు? ఎవరితో?

రేడియో ఫ్రీక్వెన్సీకి ఆధారం చిన్న క్వార్ట్జ్ పలక. చుట్టూ వేడి మారితే దాని కంపనమూ మారుతుంది. గదిలో ఫ్యాను కింద ఉన్నంతసేపు ఈ సంగతి ఎవరికీ పట్టదు. హార్స్లీ హిల్స్ మీదో, చంద్రగిరి గుట్టల మీదో డిష్ నిలబెట్టుకున్న హామ్‌కు, అంటే సరదాకు రేడియో నడిపేవాడికి, మాత్రం తలనొప్పి అక్కడే మొదలవుతుంది.

2018 నవంబరులో పైకి వెళ్లిన ఎస్‌హెయిల్-2 ఉపగ్రహంలో హామ్‌ల కోసం పెట్టిన ట్రాన్స్‌పాండర్ ఒకటుంది. దాన్ని క్యూఓ-100 అంటారు. తిరుపతి నుంచి చూస్తే పడమటి దిక్కున సుమారు 28 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. మాటలు దిగివచ్చేది 10,489.5 మెగాహెర్ట్జ్‌కు కాస్త పైన. వాటిని అందుకోవడానికి డిష్ ముందు పెట్టే పీఎల్‌ఎల్ రకం ఎల్‌ఎన్‌బీ తనలోని 25 మెగాహెర్ట్జ్ క్రిస్టల్‌ను 390 రెట్లు చేసి 9,750 మెగాహెర్ట్జ్ పుట్టిస్తుంది. క్రిస్టల్ తప్పు కూడా అన్ని రెట్లే పెరుగుతుంది. ఎండకు అది పది లక్షల్లో ఒక వంతు, అంటే 25 హెర్ట్జ్ జారిందా, పైన 9.75 కిలోహెర్ట్జ్ తేడా వచ్చేస్తుంది. ఒక గొంతు పట్టే చోటు 2.7 కిలోహెర్ట్జే. వినాలనుకున్న మనిషి మూడు గొంతుల అవతల ఉంటాడు.

దీనికి పాత మందు ఓసీఎక్స్‌ఓ. క్రిస్టల్‌ను బుల్లి డబ్బాలో పెట్టి ఎప్పుడూ ఒకే వేడిలో, సాధారణంగా 80 డిగ్రీల చుట్టుపక్కల, ఉంచుతారు. బయటి ఎండ ఎంత కాసినా లోపలి వేడి దాన్ని మించి ఉండాలన్నది లెక్క. ఆ డబ్బాకు వేడెక్కించడమే తెలుసు, చల్లార్చడం తెలియదు. మే నెల ఎండలో నల్ల పెట్టెలో మూసి పెడితే లోపలికీ బయటికీ తేడా తరిగి పట్టు సడలుతుంది. కొండగాలి నేరుగా తగిలినా నిలకడ చెడుతుంది. ఆపి మళ్లీ వేస్తే నిన్నటి చోటికే వస్తుందన్న నమ్మకమూ లేదు. అందుకే తెలిసినవాళ్లు ఇంటి దగ్గరే ఆన్ చేసి, దారి పొడుగునా బ్యాటరీ మీద నడిపిస్తూ తీసుకెళ్తారు. పెట్టెను పక్కకు వాల్చినా ఫ్రీక్వెన్సీ కదులుతుంది, భూమ్యాకర్షణ పలకను వేరే వైపు నుంచి లాగుతుంది కాబట్టి.

జీపీఎస్‌తో తమ క్రిస్టల్‌ను సరిదిద్దుకునే పరికరాల్లో ఇంకో తమాషా ఉంది. ఉపగ్రహాల ఆధారంగా రిసీవర్ సెకనుకోసారి ఇచ్చే తాళం విడివిడిగా చూస్తే నానోసెకన్లలో తడబడుతుంది, గంటల సగటున మాత్రం గొప్పగా నిలుస్తుంది. క్రిస్టల్ సెకనులో నిశ్చలం, నెలల్లో ముసలిదవుతుంది. ఈ రెంటిలో ఏది స్థిరమని అడిగితే ఎంతసేపటికి అని ఎదురు అడగాల్సిందే. పైన ఉపగ్రహాల్లో ఉన్న గడియారాలకూ పూచీ లేదు. 2013లో శ్రీహరికోట నుంచి వెళ్లిన మన దిక్సూచి ఉపగ్రహం ఐఆర్‌ఎన్‌ఎస్‌ఎస్-1ఏలోని మూడు రుబిడియం గడియారాలూ మొరాయించాయి. స్వదేశీ రుబిడియం గడియారం 2023 మేలో ఎన్‌వీఎస్-01తో అదే తీరం నుంచి వెళ్లింది.

ఎంతసేపు అన్నదే కాదు, ఎవరితో అన్నదీ లెక్కే. పాకాల దగ్గరి గాదంకిలో పైగాలుల్ని కొలిచే 53 మెగాహెర్ట్జ్ ఎంఎస్‌టీ రాడార్ ఉంది. గాలి తనవైపు సెకనుకు ఒక మీటరు వేగంతో కదిలితే తిరిగొచ్చే ప్రతిధ్వని 0.35 హెర్ట్జ్ జరుగుతుంది. ఇంత చిన్న తేడా చిక్కడానికి కారణం, ఇలాంటి రాడార్లలో పంపేదీ వినేదీ ఒకే ఆసిలేటర్ మీద నడవడం. 20 కిలోమీటర్ల ఎత్తుకు పోయి రావడానికి 133 మైక్రోసెకన్లు చాలు. ఆ కాస్తలో క్రిస్టల్ ఎక్కడికి పోతుంది? ఇద్దరి తప్పూ ఒకటే అయినప్పుడు అది తప్పుగా బయటపడదు.

క్యూఓ-100 వాడేవాళ్లు పాటించేదీ ఈ న్యాయమే. 10,489.750 మెగాహెర్ట్జ్ దగ్గర మధ్య బీకన్, అంటే ఉపగ్రహం నుంచి ఆగకుండా వచ్చే గుర్తు సంకేతం, వినిపిస్తుంది. అదీ అదే ఎల్‌ఎన్‌బీ గుండా వస్తుంది కాబట్టి మాటలతో పాటే అంతే జారుతుంది. దానికి తమ రిసీవర్‌ను కట్టేసుకుంటే ఎల్‌ఎన్‌బీ ఎంత జారినా సాఫ్ట్‌వేర్ వెంటపడి సరిచేస్తుంది. కొండ మీద నుంచి మాట కలపడానికి నీడలో పెట్టిన ఓసీఎక్స్‌ఓ, ఆ బీకన్ సరిపోతాయి. రుబిడియం మోసుకెళ్లడం అనవసరపు బరువు.