లోటుతో పుట్టించిన ప్రాణి

ఒక జన్యువు ఏ పని చేస్తుందో తెలుసుకోవాలంటే దానిని తొలగించి, జంతువులో ఏది లోపించిందో చూడాలి. 1981లో మార్టిన్ ఎవాన్స్, మాథ్యూ కాఫ్‌మన్ చిట్టెలుక పిండం నుంచి మూలకణాలను వేరుచేసి పెంచడంతో ఈ మార్గానికి పునాది పడింది. అయితే కొన్ని జన్యువులు లేకపోతే పిండం గర్భంలోనే నశిస్తుంది. అప్పుడు రోగనిరోధక కణాలలో వాటి పాత్ర ఏమిటో తేలదు.

1993లో జియాన్‌జూ చెన్, ఫ్రెడరిక్ ఆల్ట్, వారి సహచరులు ప్రకటించిన పద్ధతి ఈ చిక్కును నేర్పుగా విప్పింది. ర్యాగ్-2 అనే జన్యువు లేని చిట్టెలుకలో పరిణత బి, టి లింఫోసైట్లు ఏర్పడవు. అటువంటి ఎలుక తొలిదశ పిండంలోకి, పరీక్షింపదలచిన జన్యువు రెండు ప్రతులనూ తొలగించిన మూలకణాలను ప్రవేశపెడతారు. పుట్టిన ఎలుకలో పరిణత లింఫోసైట్లు కనిపిస్తే అవి ఆ మూలకణాల సంతతే కావాలి. ఆతిథ్యమిచ్చిన పిండానికి వాటిని తయారుచేసే శక్తి లేదు గదా! ఇందుకు తరతరాల సంకరం అవసరం లేదు. పాత పద్ధతిలో ఇద్దరు వాహకుల సంతానంలో సగటున నాలుగింట ఒకటే ప్రయోగానికి కావలసినది.

1959లో రస్సెల్, బర్చ్ కోరిన సంఖ్య తగ్గింపు ఇక్కడ కొంతవరకు సిద్ధిస్తున్నది. (లోటు గల ఎలుకల సంతతిని నిరంతరం పోషించడం మాత్రం ఈ లెక్కలోకి రాదు.) కాని నైతిక ప్రశ్న సంఖ్యతో తీరేది కాదు. సాధారణ ప్రయోగం ఉన్న ప్రాణిని బాధిస్తుంది. ఇక్కడ ప్రాణిని లోటుతోనే సృష్టిస్తున్నాము. దానికి ఎన్నడూ లేనిదానిని మనం హరించలేదు, కనుక హాని లేదని కొందరు వాదించవచ్చు. నాకు ఆ వాదం సమ్మతం కాదు. సామాన్య సూక్ష్మజీవికే కుంగిపోయే దేహం, ఆరోగ్యమంటే ఎరుగకపోయినా, బాధను ఎరుగుతుంది. పైగా ఆ దౌర్బల్యం విధివిలాసం కాదు, మన ప్రణాళిక.

మన 1960 నాటి జంతుహింసా నివారణ చట్టం ప్రయోగాలను నిషేధించలేదు. శ్రద్ధతో, దయతో జరపాలనీ, వీలైనచోట మానుకోవాలనీ కోరింది. ఆ దయ జంతువు ప్రయోగశాలకు వచ్చిన తరువాత మొదలవుతుందని మనం సాధారణంగా తలుస్తాము. ఈ ఎలుకల విషయంలో అది పిండం కంటే ముందే, ప్రతిపాదన కాగితం మీదనే మొదలుకావాలి. ఎన్ని జంతువులు అన్న ప్రశ్నతోపాటు నైతిక సంఘాలు మరొకటి అడగాలి: ఈ లోటుతో అది ఎన్నాళ్లు బ్రతకాలి, అన్నాళ్లూ దానికి శుద్ధమైన గాలి, ఆహారం, పడక సమకూర్చే బాధ్యత ఎవరిది?