ఈ ఇసుక ఎవరిది?

2024లో వచ్చిన 'కల్కి 2898 ఏడీ' సినిమాలో గంగ ఎండిపోయింది. మిగిలిన నగరం కాశీ ఒక్కటే. చుట్టూ ఇసుక. ఆ బీడులో ఎక్కడో కంటికి కనబడకుండా శంబల, పారిపోయి వచ్చినవాళ్ళు తలదాచుకున్న చోటు. వాళ్ళకి పెద్దదిక్కు మరియం అనే స్త్రీ.

పెనుగొండవాళ్ళకి ఆ ఇసుక వింతే. మాకు తెలిసిన ఇసుక సిద్ధాంతం దగ్గర వసిష్ఠ గోదావరిలోది. మిగతాదంతా కాలవ, వరిచేను, బురద. అయినా మాలో గడ్డం పెంచినవాడికి, బురఖా వేసుకున్నామెకి ఎప్పుడో ఒకప్పుడు ఆ మాట తగులుతుంది: 'మీది ఎడారి మతం కదా!' నవ్వుతూనే అంటారు. తాతల కాలం నించీ ఈ బురదలో నాట్లేసిన చేతుల్ని చూస్తూ అంటారు.

అందుకే అడుగుతున్నాను. శరణార్థిని చూపించాలంటే చుట్టూ ఎడారి ఎందుకు కావాలి?

ఎడారిలో కారణం కనబడదు. మనిషిని ఇసుకలో నిలబెడితే వాడి కష్టం ప్రకృతి పెట్టినట్టే ఉంటుంది. జాలిపడతాం. తప్పెవరిదని అడగం. కొన్నాళ్ళకి వాడు అక్కడే పుట్టినట్టూ, అదే వాడి చోటైనట్టూ అలవాటు పడిపోతాం.

'కల్కి' తీసినవాళ్ళు ఈ విషయంలో నిజాయితీగానే ఉన్నారు. నీళ్ళు ఎటు పోయాయో చెప్పారు. పైనున్న కాంప్లెక్స్ అన్నీ పీల్చేసుకుంది. కింద బీడు మిగిలింది. ఇది మా డెల్టావాళ్ళకి తొందరగా అర్థం కావాలి. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్టకి ముందు ఈ జిల్లాలూ కరువుకి మాడినవే. ఈ పచ్చదనం ఎవరో ఒక నిర్ణయం తీసుకుంటే వచ్చింది. బీడు కూడా చాలాసార్లు అలాగే వస్తుంది.

ఊరొదిలి పోవడం పెనుగొండకి కొత్త కథేం కాదు. వాసవీ కన్యక కథలో 102 గోత్రాలవాళ్ళు అగ్నిలో దూకితే, మిగతావాళ్ళు ఊరొదిలి చెదిరిపోయారంటారు. ఎక్కడెక్కడి కోమట్లో ఇప్పటికీ పెనుగొండ మాదేనని వస్తారు. వాళ్ళని 'మీరెక్కడివాళ్ళు?' అని ఎవరూ నిలదియ్యరు. నిలదియ్యకూడదు కూడా.

ఇక సినిమా కాని ఎడారి ఒకటుంది. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లో దిగింది. అప్పుడక్కడ సుమారు 1,70,000 మంది భారతీయులున్నారు. వాళ్ళలో గోదావరి జిల్లాలవాళ్ళూ, కడపవాళ్ళూ ఉన్నారు. ఇళ్ళలో పనికి, డ్రైవర్లుగా, కూలీలుగా వెళ్ళినవాళ్ళు. చాలామంది ఇరాక్ మీదుగా బస్సుల్లో జోర్డాన్ సరిహద్దుకి చేరారు. రువైషిద్ దగ్గర ఇసుకలో గుడారాలు. నీళ్ళకి బారు, రొట్టెకి బారు. కాలవగట్టు మీద పెరిగినవాళ్ళు నీళ్ళకోసం చెయ్యి చాచారు. (అదే జోర్డాన్‌లో వాది రమ్ అని ఇంకో ఎడారి ఉంది. అక్కడే 'ది మార్షియన్'కి అంగారక గ్రహాన్నీ, 'డ్యూన్'కి మరో లోకాన్నీ తీశారు. అక్కడ తరతరాలుగా బతుకుతున్న బెదూయిన్లకి అది ఊరు. కెమెరాకి మాత్రం మనుషుల్లేని గ్రహం.)

ఆ గుడారాల్లో ఉన్నవాళ్ళని అక్కడ నిలబెట్టింది ఎండా కాదు, ఇసుకా కాదు. ఒక సైన్యం తరిమింది, ఒక సరిహద్దు ఆపింది. వాళ్ళని బయటికి తెచ్చింది పాస్‌పోర్టు. అమ్మాన్ నించి రెండు నెలల్లో 488 విమానాలు నడిచాయి. ఎక్కేవాడిని నీ మతం ఏమిటని అడగలేదు. భారతీయుడివా అన్నారు, ఎక్కించుకున్నారు. నేను ఈ దేశాన్ని తిట్టవలసినప్పుడు తిడతాను గాని, ఆ రెండు నెలల్ని ఎప్పుడూ మర్చిపోను.

అందరికీ ఆ అదృష్టం లేదు. కువైట్‌లో సుమారు నాలుగు లక్షలమంది పాలస్తీనీయులుండేవారు. యుద్ధం అయ్యాక, 1991 తర్వాత, అక్కడ మిగిలింది కొద్దిమందే. వాళ్ళలో గాజా నించి వచ్చినవాళ్ళకి చాలామందికి ఏ దేశ పౌరసత్వమూ లేదు. విమానం పంపడానికి దేశమంటూ ఉండాలి కదా. ఎడారి అందరికీ ఒకటే ఎడారి. ఒకడికది మజిలీ అయింది, ఇంకొకడికి బతుకైంది. తేడా అంతా ఒక కాగితంలో ఉంది.

ఆ కాగితం మతాన్ని అడగడం మొదలుపెడితే? 2019లో మన పార్లమెంటు పౌరసత్వ చట్టాన్ని సవరించింది. పాకిస్తాన్, అఫ్ఘానిస్తాన్, బంగ్లాదేశ్‌ల నించి 2014 డిసెంబర్ 31 లోపల వచ్చినవాళ్ళలో హిందువులకి, సిక్కులకి, బౌద్ధులకి, జైనులకి, పార్సీలకి, క్రైస్తవులకి దారి తెరిచింది. 2024 మార్చిలో నియమాలూ వచ్చాయి. ఇక్కడి ముస్లింల పౌరసత్వానికి దీంతో సంబంధం లేదంటారు. చట్టంలో మాట వరకు నిజమే. తలదాచుకోవడానికి వచ్చినవాళ్ళకి తలుపు తియ్యడం మంచిదే, అందులో గొడవేం లేదు. కాని అదే సరిహద్దు దాటి, అదే భయంతో వచ్చిన అహ్మదీయుడో, హజారావాడో ఎందుకు లేడు? గడప దగ్గర పేరడిగి, ఆ పేరు విని తలుపు వేసేస్తే, లోపల తరాలుగా ఉన్న ఆ పేరువాడికి ఎలా ఉంటుందో మీరే ఆలోచించండి.

ఎడారి మతం అంటారు కదా. అయితే ఆ ఎడారిలో మొదట ఎవరున్నారో కూడా వినండి. ఒక తల్లి ఉంది. హాజిరా. చంకలో పసిబిడ్డ, తోలుసంచిలో కాసిని నీళ్ళు. గడ్డిపరక మొలవని లోయ. నీళ్ళయిపోయాక సఫా, మర్వా గుట్టల మధ్య ఏడుసార్లు పరుగెత్తింది. రాజూ నవాబూ కూడా హజ్‌కి వెళితే ఆ దిక్కులేని ఆడమనిషి అడుగుల్లోనే నడవాలి. హదీసులో తర్వాతి సంగతి ఇంకా బావుంటుంది. జమ్‌జమ్ ఊరాక జుర్హుమ్ తెగవాళ్ళు అటు వచ్చి, ఇక్కడ దిగమంటావా అని ఆమెనే అడిగారు. ఆమె వాళ్ళ పేర్లూ అడగలేదు, దేవుళ్ళ సంగతీ అడగలేదు. ఉండండి, నీళ్ళ మీద హక్కు మాత్రం మీది కాదు అంది. వాళ్ళు సరేనన్నారు. వెనక్కి కబురుపెట్టి తమవాళ్ళందర్నీ పిలిపించుకున్నారు.