చెప్పిన వెల, పుచ్చుకొన్న వెల

ఒక వస్తువును ఆరువేల అయిదువందల రూపాయలకు ఇచ్చుటకు మనస్సులో సిద్ధపడియుండి, పైకి మాత్రము తొమ్మిదివేలని చెప్పుట అసత్యమగునా, కాదా? ఈ ప్రశ్న నాకు శాస్త్రగ్రంథములలో తటస్థపడినది కాదు. మా యింటి కుట్టుమిషను వలన పుట్టినది. 27 సంవత్సరములుగా తరగతి గదిలో సత్యమును గూర్చిన పద్యములు పిల్లలచేత వల్లె వేయించుచున్నవాడను. నా వరకు వచ్చునప్పటికి సమాధానము తోచక కొన్ని దినములు తబ్బిబ్బయితిని. ఆ సంగతిని శరణబంధువుల ముందుంచుచున్నాను.

మా గృహిణికి మోకాళ్ళ నొప్పులు పట్టుకొన్నది మొదలు ఆ మిషను మూలబడియుండెను. మోటారుతో నడచునది, మంచి బల్ల గలది, దుమ్ముపట్టి చెడిపోవుచున్నది. మా కుమారుడు సెల్‌ఫోనుతో దాని ఫొటోలు తీసి, పాత వస్తువులు అమ్ముకొను ఒక యాప్‌లో పెట్టుదమనెను. వెల యెంత వ్రాయవలెనని నన్నడిగెను. ఆరున్నర వేలు వచ్చిన చాలునంటిని. వాడు నవ్వి, "అట్లయితే తొమ్మిది రాయాల నాయనా. వాళ్ళు ఎట్లయినా తగ్గిచ్చి అడుగుతారు. కింద 'ధర మాట్లాడుకోవచ్చు' అని పెడదాం" అనెను. వాని మాట లోకరీతికి సరియైనదే. నేను సరేయంటిని.

మొదటి దినముననే పదిమందికి పైగా పలుకరించిరి. వారిలో ముప్పాతికమంది మొదటి మాటయే "లాస్ట్ ఎంత?" అని. నమస్కారము లేదు, మిషను ఎట్లున్నదను విచారణ లేదు. ఆరంభమే అంతిమముగా నున్న ఈ సంభాషణ వ్యాకరణము చెప్పుకొని బ్రతుకువానికి వింతగా తోచక మానదు. ఒకడు రెండువేలకు అడిగెను. అంత తక్కువకేల అడుగుచున్నావనగా, "అడిగితే ఏం పోతుంది సార్?" అనెను. మరియొకడు బేరమే ఆడక, తొమ్మిదివేలకు వెంటనే ఒప్పుకొని, తాను సైన్యములో ఉద్యోగిననియు, డబ్బు పంపుటకై ఒక క్యూఆర్ కోడు పంపుచున్నాననియు, దానిని స్కాన్ చేసి పిన్ నొక్కుమనియు చెప్పెను. పిన్ నొక్కుట డబ్బు ఇచ్చుటకే గాని పుచ్చుకొనుటకు కాదని మావాడు నన్ను వారించెను. సైనికుని పేరు పెట్టుకొని చేయు ఈ మోసము దేశమంతట నున్నదే. పాఠకులు జాగ్రత్తగా నుందురుగాక. దీనివలన నాకొక విపరీతపు పాఠము అబ్బినది. బేరమాడనివానిని అనుమానింపవలెనట!

బేరమును నేను ద్వేషించువాడను కాను. బాల్యమున మా తండ్రిగారి వెంట ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి జాతరకు పోయిన దినములు ఇంకను కన్నులకు కట్టినట్లున్నవి. అచ్చటి పశువుల సంతకు మన సీమనుండియు, కన్నడ దేశమునుండియు ఎద్దులు వచ్చెడివి. అమ్మువాడును కొనువాడును దగ్గరగా జరిగి, చేతులపై తువ్వాలు కప్పుకొని, దాని క్రింద వ్రేళ్ళు పట్టుకొని వెల నిర్ణయించుకొనెడివారు. పైకి ఒక్క అంకె వినబడదు. ముఖములు మాత్రము ఒకసారి ముడుచుకొనును, ఒకసారి విచ్చుకొనును. నడుమ దళారి ఇద్దరి భుజములు తట్టుచుండును. తువ్వాలు ఎందుకు కప్పుకొందురని నేనడిగితిని. "బేరం కుదరకపోతే ఇద్దరిలో ఎవరికీ మాట పోగూడదు గదప్పా" అని మా తండ్రిగారు చెప్పిరి. ఆ మాటలోని మర్యాద నాకు పెద్దయిన పిమ్మటగాని తెలియలేదు.

ఆ సంతలో మొదట పట్టిన వ్రేలు సత్యవాక్యము కాదు, అసత్యవాక్యమును కాదు. అది చదరంగములో మొదటి ఎత్తు వంటిది. ఇద్దరికిని ఆట తెలియును. ఎద్దు పండ్లు చూచి వయస్సు చెప్పగలవాడు ఒకడు, నడక చూచి గుణము చెప్పగలవాడు ఇంకొకడు. అట్టి సమానుల నడుమ చెప్పిన వెల యెవరిని మోసగించును? కూరగాయల బుట్టలో కొసరు వేయుట, ప్రొద్దుటిపూట బోణీ బేరమని నాలుగు రూపాయలు తగ్గించుట మొదలైనవన్నియు ఈ కోవలోనివే. అందులో లాభనష్టములతో బాటు పలకరింపు కూడ కలదు. గరిష్ఠ చిల్లర ధర ముద్రించిన పొట్లములో ఆ పలకరింపు లేదు. గరిష్ఠమనగా అంతకు మించరాదనియే గాని అంతయు పుచ్చుకొని తీరవలెనని అర్థము కాదను మాట కూడ జనులు మరచిపోయిరి.

కావున బేరమునందు దోషము లేదని నేను నిశ్చింతగా నుంటిని. నాలుగవ దినమున ఒక యువతి ఫోను చేయువరకు.

ఆమె కోసిగి ప్రాంతపు పల్లె నుండి మాటలాడుచుంటిననెను. ఆ వైపు కుటుంబములు పంటలు లేని కాలమున మిరపకోతకు, ప్రత్తితీతకు గుంటూరు సీమకు వలస పోవుట మన జిల్లాలో అందరెరిగినదే. ఈమెయు అట్లే పోయి వచ్చెడిది. ఇకమీదట పసిబిడ్డను వెంటబెట్టుకొని పోలేక, ఊరిలోనే జాకెట్లు కుట్టుకొని బ్రతుకుదమని కూలిసొమ్ము కూడబెట్టినదట. "లాస్ట్ ఎంత?" అని ఆమె అడుగలేదు. అడుగనందున, నేను నేర్చిన క్రొత్త పాఠము ననుసరించి, ఇదియు మోసమేమో యని మొదట సరిగా బదులు చెప్పలేదు! మరునాడు తమ్మునితో ఆటోలో వచ్చి, గుడ్డముక్క మీద నాలుగు వరుసలు కుట్టి చూచుకొని, కొంగు ముడి విప్పి తొమ్మిదివేలు లెక్కపెట్టి ఇచ్చెను. నేను పుచ్చుకొంటిని.

ఆ ముందు దినముననే ఆదోనిలో దర్జీ దుకాణము గల ఒకడు అరగంటసేపు ఫోనులో గీచి గీచి బేరమాడి నన్ను ఆరువేల అయిదువందలకు దించి, సాయంకాలము వచ్చెదనని చెప్పి రాక పోయెను. వచ్చియుండిన, నలుగురు పనివారు గల అతనికి ఆరున్నర వేలు. రాలేదు గనుక, వలసకూలికి తొమ్మిదివేలు. మిషను ఒక్కటే. ఈ రెండువేల అయిదువందలు దేని వెల? ఇనుపముక్కది కాదు, మోటారుది కాదు. ఆమెకు బేరమాడ రాకపోవుటకు నేను కట్టిన వెల అది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదనిన అతిశయోక్తి యగును. పట్టినది గాని ఆలస్యముగా పట్టినది.

ఇట్టిదే ఇంకను పెద్దగా చూడవలెనన్న జొన్నగిరి, తుగ్గలి, మద్దికెర ప్రాంతములకు పోవలెను. తొలకరి వానలు పడగానే అక్కడి చేలలో వజ్రముల కొరకు జనులు వంగి వెదకుచుందురు. కూలివానికో రైతునకో ఒక రాయి దొరకును. దాని బరువు, రంగు, లోపము తెలిసినవాడు వ్యాపారి; దొరికినవానికి తెలిసినది తన అప్పు మొత్తము మాత్రమే. గుట్టుగా బేరము నడచును. ఎద్దుల సంతలోని తువ్వాలు ఇక్కడను కలదనవచ్చును గాని, దాని క్రింద ఒకరి వ్రేళ్ళకే లెక్క వచ్చును. బేరమునకు న్యాయము ఇరువురి తెలివి సమానమైనంతవరకే. అది తప్పిన పిమ్మట అదే మాట, అదే రీతి, వేరొక పనియై కూర్చుండును.

పదునేడవ శతాబ్దమున ఇంగ్లండులో జార్జి ఫాక్స్ అను మతబోధకుని అనుయాయులు, క్వేకర్లని పేరుగలవారు, ఈ చిక్కును తెగగొట్టిరి. పుచ్చుకొనదలచిన దానికంటె హెచ్చు అడుగుట అబద్ధమే యని వారు తమ అంగళ్ళలో ఒకే మాట, ఒకే వెల పెట్టిరి. మొదట జనులు వారి అంగళ్ళకు పోలేదట. తరువాత చిన్నపిల్లను పంపినను పెద్దవానికి జరుగు న్యాయమే జరుగునని గ్రహించి, అక్కడికే పోజొచ్చిరట. ఈ చిన్నపిల్ల పరీక్ష నాకు మిక్కిలి నచ్చినది. మన భారతమునందును శాంతిపర్వములో జాజలి యను తపస్వికి ధర్మము నేర్పినవాడు కాశీలోని తులాధారుడను వర్తకుడు గదా. తన త్రాసు సర్వభూతములకును సమానమని అతడు చెప్పుకొన్నాడు. తలమీద పక్షులు గూడు కట్టునంత తపస్సు చేసినవాడు అంగడివాని యొద్దకు పోయి నేర్చుకొనవలసి వచ్చెను.

అట్లని స్థిరమైన వెలయే ధర్మమని ముగింపబోతినేని, కర్నూలు మార్కెట్టు యార్డులోని ఉల్లిగడ్డల రైతు నన్ను క్షమింపడు. అతడు వెల చెప్పువాడు కాడు, వినువాడు. 2025లో ఉల్లి ధర కుప్పకూలినప్పుడు ప్రభుత్వమే క్వింటాలు 1,200 రూపాయలకు కొనవలసి వచ్చినది. పత్తికొండ టమాట రైతు గంపలు దారిప్రక్క పారబోసి పోవుట మనము ఎన్నిసార్లు చూడలేదు? బండి బాడుగ మీద నున్నవాడు, సాయంకాలమునకు కుళ్ళిపోవు సరుకు గలవాడు, "నేనీ వెలకు ఇవ్వను" అనలేడు. 2016 ఏప్రిల్ 14న మొదలైన ఈ-నామ్ పద్ధతిలో కొనువారు ఒకరి వెల ఒకరికి తెలియకుండ కంప్యూటరులో వేలము వేయుదురు. నచ్చకున్న రైతు నిరాకరింపవచ్చును. తువ్వాలు క్రింది రహస్యమే ఇది కూడ, కాని ఇందులో అమ్మువానికి కొంత బలము చేకూరవలెనని ఉద్దేశము. నిరాకరించి ఎక్కడికి పోవలెనను ప్రశ్న మాత్రము అట్లే యున్నది. 1938లో మాచాని సోమప్పగారు ఎమ్మిగనూరులో చేనేత సహకార సంఘమును స్థాపించినదియు ఇందులకే. ఒంటరి నేతగాడు షావుకారు ముందు నిలిచి వెల చెప్పలేడు, సంఘము చెప్పగలదు. కనుక బేరమాడు శక్తి కూడ ఒక ఆస్తియే. అది లేనివాని యెదుట "మా దగ్గర ఒకే మాట" అనుటయు క్రౌర్యమే కావచ్చును. ఇక ఈ కాలపు పెద్ద పెద్ద ఆన్‌లైన్ అంగళ్ళ సంగతి చెప్పనక్కరలేదు. గిరాకీని బట్టి గంటగంటకు వెల మార్చును గాని, మనము నోరు విప్పి ఒక్క మాట అనుటకు చోటివ్వదు. అది ఒకవైపే ఆడు బేరము.

ఈ సందిగ్ధములో నాకు నులియ చందయ్య శరణుని కథ తోడైనది. గడ్డి కోసి త్రాళ్ళు పేని అమ్ముట ఆయన కాయకము. ఒకసారి ఆ త్రాటిని బసవన్న యొద్దకు అమ్మకమునకు పంపగా, బసవన్న మిక్కిలి ధనమిచ్చి పంపెను. చందయ్య సంతోషింపలేదు, కోపించెను. త్రాటికి తగిన వెల ఇంతేయని, మిగిలినది తిరిగి ఇచ్చి రమ్మనెను. అయ్దక్కి లక్కమ్మ తన భర్త మారయ్య అవసరమునకు మించి తెచ్చిన బియ్యమును తిప్పి పంపిన కథయు ఇట్టిదే. సాధారణముగా ఈ కథలను మనము నిర్లోభత్వమునకు ఉదాహరణముగా చెప్పి ఊరుకొందుము. నాకు తోచినది కొంచెము వేరు. ఇచ్చువాడు ఇష్టపూర్వకముగానే ఇచ్చినాడు. బసవన్నకు ధనము కొదువయా? అయినను చందయ్య దృష్టిలో వెల యనునది కొనువాని జేబును బట్టి గాని, అతని భక్తిని బట్టి గాని, అమాయకత్వమును బట్టి గాని మారునది కాదు. అది త్రాటిలోని గడ్డిని, చేతుల పనిని బట్టియుండును. "ఆమె ఇష్టపడియే ఇచ్చినది గదా" యని నేను రెండు దినములు చెప్పుకొన్న సమాధానమును ఈ కథ నిలువనీయలేదు.

అంతమాత్రమున నేను ఫోనులో "ఒకే మాట" యని వ్రాయుదునా? వ్రాయను. పాత వస్తువునకు నికరమైన వెల యెవరికిని తెలియదు. చూచువాడు ఒక లోపము చూపినచో తగ్గించుట న్యాయము. అవసరము చెప్పుకొన్నవానికి ఇంకను తగ్గించుట దాసోహములోనికి వచ్చును. కాని అది నా యిష్టము. మాట్లాడుకొనుటకు చోటుండవలెను. ఆ చోటు తొమ్మిదికిని ఆరున్నరకును నడుమ నున్నంత ఎడముగా నుండరాదు. ముఖ్యముగా, నోరుగలవానికి ఏ వెలకు ఇచ్చుటకు ఒప్పుకొంటినో, నోరులేనివారికిని ఆ వెలకే ఇయ్యవలెను. ఇంత చిన్న మాట తేల్చుకొనుటకు పండితశిక్షణ పొందినవానికి వారము పట్టినది.

మా కుమారుడు ఆమె ఫోను నంబరునకే రెండువేల అయిదువందలు పంపెను. అయిదు నిమిషములలో ఆమె ఫోను చేసినది. గొంతులో సంతోషము లేదు. "ఎందుకు సార్ దుడ్లు పంపినారు? మిషన్లో ఏమన్నా రిపేరుందా?" నేను ఉన్నదున్నట్లు చెప్పితిని. కొంతసేపు మాటలేదు. "అడగకుండా తగ్గిచ్చేటోళ్ళు ఎవరుంటారు సార్?" అని పెట్టివేసెను. మోటారును మెకానిక్కునకు చూపించినదట. బాగుగనే యున్నదని అతడు చెప్పినాడట. నూరు రూపాయలు దానికి ఖర్చు.

పదిదినముల తరువాత మరల ఫోను చేసెను. బాబిన్ కేసు ఇంకొకటి మా యింట్లో మిగిలియున్నదేమో చూడుమనెను. వెదకగా ఉన్నది. ఎంతకిత్తురని అడిగెను. నూరు రూపాయలంటిని.

"యాభై చేసుకోండి సార్" అనెను.

వచ్చి తీసికొని పొమ్మంటిని.